కిర్గిజ్ ఇంట్లో ఒక రోజు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మాయి కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదువుతోంది. అటు ఆంధ్ర నుంచి, ఇటు తెలంగాణ నుంచి అక్కడ చదివే పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్ళను చూడ్డానికి వెళ్ళే అమ్మానాన్నలు కాలేజీ, హాస్టల్, నాలుగు పార్కులు చూసి తిరిగొచ్చేస్తారు. మేమూ మొదట అలాగే అనుకున్నాం. అమ్మాయి పట్టుబట్టి కోచ్కోర్ అనే ఊళ్ళో ఒక ఇంటికి తీసుకెళ్ళింది. పొద్దున వెళ్ళి సాయంత్రం దాకా ఉన్నాం. మరుసటి ఏడు మళ్ళీ అదే ఇంటికి వెళ్ళాం, ఈసారి వాళ్ళతో కలిసి కొండ మీదికి కూడా. అప్పటి నుంచి తోటి తల్లిదండ్రులు ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు. అందరికీ చెప్పే జవాబులే ఇక్కడ రాస్తున్నాను.

హోటల్లో దిగి ఊరు చూసొస్తే సరిపోదా? ఇంటికే ఎందుకు వెళ్ళాలి?

బిష్కెక్‌లో అలాటో చౌక్, ఓష్ బజార్ చూడండి, బాగుంటాయి. కానీ ఆరేళ్ళు బిడ్డను వదిలే దేశం ఎలాంటిదో చౌక్‌లో నిలబడితే నాకు తెలియలేదు. కోచ్కోర్‌లో ఆ ఇంటావిడ మా అమ్మాయి చెయ్యి పట్టుకుని "చిక్కిపోయావు, హాస్టల్లో సరిగ్గా తినడం లేదా" అని అడిగినప్పుడు తెలిసింది.

ఇంటివాళ్ళను ఎలా వెతుక్కోవాలి?

కిర్గిజ్‌స్తాన్‌లో దీనికి మంచి ఏర్పాటే ఉంది. దాన్ని అందరూ సీబీటీ అంటారు, అంటే ఊరివాళ్ళే నడుపుకునే పర్యాటకం. హెల్వెటాస్ అనే స్విట్జర్లాండ్ సంస్థ సాయంతో 2000లో కోచ్కోర్‌లోనే మొదలైంది. 2003లో ఊళ్ళ బృందాలన్నీ కలిసి దేశం మొత్తానికి ఒక సంఘంగా ఏర్పడ్డాయి. సోవియట్ యూనియన్ పోయాక సామూహిక వ్యవసాయ క్షేత్రాలు మూతపడ్డాయి, పల్లెల్లో జీతాలు ఆగిపోయాయి. చేతిలో మిగిలినవి ఇల్లు, గొర్రెలు, గుర్రాలు. వచ్చిన అతిథికి ఇంట్లో చోటిచ్చి, భోజనం పెట్టి, నాలుగు రాళ్ళు సంపాదించుకునే దారి అలా పుట్టింది.

ఆ ఊరి సీబీటీ ఆఫీసుకి ఒకటి రెండు రోజులు ముందుగా ఫోన్ చేయండి. ఎంతమంది వస్తున్నారు, మాంసం తింటారా, ఏం చూడాలనుకుంటున్నారు అని అడుగుతారు. దాన్నిబట్టి ఇల్లు చూపిస్తారు. కోచ్కోర్ కాకుండా కరాకోల్, నారిన్, అక్రోటు అడవులున్న అర్స్‌లాన్‌బోబ్‌లోనూ ఇలాంటి ఇళ్ళున్నాయి. పిల్లల క్లాస్‌మేట్స్‌లో స్థానికులెవరైనా ఇంటికి పిలిస్తే అంతకన్నా ఏం కావాలి? వెంటనే ఒప్పుకోండి.

డబ్బులిచ్చి వెళ్తే అది అతిథిగా వెళ్ళినట్టా, హోటల్‌కి వెళ్ళినట్టా?

ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వేధించింది. మొదటిసారి వెళ్ళే ముందు నాకూ మనసొప్పలేదు. డబ్బిచ్చి ఆప్యాయత కొనుక్కోవడమేంటి అనిపించింది.

వెళ్ళాక అర్థమైందేంటంటే, డబ్బు భోజనానికీ, వాళ్ళ రోజు పాడైనందుకూ. మిగతాది ఆ డబ్బులోకి రాదు. మేం వెళ్ళిన రోజు పక్కింటి ముసలావిడ కూడా మమ్మల్ని చూడ్డానికి వచ్చి, రెండు గంటలు కూర్చుని, వెళ్ళేటప్పుడు మా అమ్మాయి జేబులో చాక్లెట్లు కుక్కి వెళ్ళింది. ఆవిడకు ఎవరూ పైసా ఇవ్వలేదు. మన దగ్గర పల్లెటూరి చుట్టాలింటికి వెళ్ళినా ఊరకే వెళ్ళం కదా, పళ్ళో బట్టలో పట్టుకెళ్తాం. ఇదీ అలాంటిదే అనుకోండి. మాట ముందే అయిపోతుంది కాబట్టి ఇద్దరికీ మొహమాటం ఉండదు.

కాకపోతే ఒకటి గుర్తుంచుకోండి. డబ్బిచ్చాం కదా అని ఇది కావాలి, అది కావాలి అని పురమాయించకండి. వాళ్ళ రోజు ఎలా నడుస్తుందో అలా నడవనివ్వండి. మేం వెళ్ళేసరికి ఇంటాయన ట్రాక్టర్ కింద దూరి ఉన్నాడు. మావారు కూడా పక్కన కూర్చుని స్పానర్లు అందించారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఆ గంటలో అయిన స్నేహం ఇప్పటికీ ఉంది.

ఒక్క రోజులో వెళ్ళి రావచ్చా?

రావచ్చు, కానీ తెల్లవారుజామునే బయల్దేరాలి. బిష్కెక్ నుంచి కోచ్కోర్‌కి మూడు నాలుగు గంటలు పడుతుంది. దారిలో తోక్మోక్ దగ్గర పాత బురానా గోపురం వస్తుంది. భూకంపాల్లో పైభాగం కూలిపోయి ఇప్పుడు 25 మీటర్ల దాకా మిగిలింది. మొదటిసారి మేం పోతూ అక్కడ గంటన్నర ఆగాం. అదే పొరపాటు. కోచ్కోర్‌కి ఆలస్యంగా చేరాం, సాయంత్రం డ్రైవర్ తొందర పెట్టాడు, టీ మధ్యలో లేచి వచ్చేశాం. ఇంటావిడ మొహం చిన్నబోయింది. గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చి ఒక కవర్లో రొట్టెలు పెట్టి నా చేతిలో పెట్టింది.

అందుకే చెప్తున్నాను, ఆ రోజుకి ఇంకో ప్రోగ్రాం పెట్టుకోకండి. వీలైతే రాత్రి అక్కడే పడుకుని పొద్దున్నే బయల్దేరండి.

మేం శాకాహారులం. ఆకలితో ఉండాల్సిందేనా?

నాకు వచ్చే ఫోన్లలో సగం దీనికే. ఆకలితో ఉండరు, కానీ ముందుగా చెప్పకపోతే ఇద్దరూ ఇబ్బంది పడతారు.

ముందు వాళ్ళ వైపు నుంచి చూడండి. ఆ దేశమంతా కొండలు, గడ్డి మైదానాలు. తరతరాలుగా పశువులే బతుకు. అతిథి వస్తే గొర్రెను కోయడం వాళ్ళ మర్యాద. ఏ ముక్క ఎవరికి పెట్టాలో వయసును బట్టి, వరసను బట్టి లెక్కుంటుంది. మీరు వెళ్ళాక "మేం తినం" అంటే అప్పటికే గొర్రె తెగి ఉండొచ్చు. కాబట్టి ఇల్లు మాట్లాడుకునేటప్పుడే చెప్పండి, పొద్దున బయల్దేరేటప్పుడు ఇంకోసారి చెప్పండి.

"మాంసం వద్దు" అంటే సరిపోదు. ముక్కలు తీసేసి అదే పులుసు పోసిస్తారు, వాళ్ళ దృష్టిలో అది మాంసం కాదు. మాంసం ఉడికించిన నీళ్ళు వద్దు, కొవ్వు వద్దు, నూనె మాత్రమే అని విడిగా చెప్పాలి. రష్యన్‌లో "బెజ్ మ్యాస" అంటే మాంసం లేకుండా, "బెజ్ బుల్యోన" అంటే మాంసపు రసం లేకుండా. కిర్గిజ్‌లో "మెన్ ఎత్ జెబెయ్మ్". ఈ వాక్యం నాకు ఒక్కసారి చెప్తే వచ్చేసింది. మెన్ అంటే నేను, ఎత్ అంటే మాంసం, జెబెయ్మ్ అంటే తినను. మాటల వరస అచ్చం మనదే. "తినను"లో కాదనడం ఎలా క్రియలోనే ఉందో, అక్కడా అలాగే ఉంది.

ఇక ఏం దొరుకుతుందంటే, బల్ల మీద గుడ్డ పరచగానే మొదట వచ్చేవన్నీ మనం తినేవే. రొట్టె, కైమాక్ అనే చిక్కటి మీగడ, వెన్న, తేనె, ఇంట్లో చేసిన కోరిందపండు జామ్, ఆప్రికాట్ జామ్, టమాటా దోసకాయ ముక్కలు, బోర్సోక్. బోర్సోక్ అంటే పిండిని చిన్న చిన్న దిండ్లలా కోసి వేయించినవి, తీపి లేని మైసూర్ బోండాల్లా ఉంటాయి. నూనెలో వేయించారో కొవ్వులో వేయించారో అడగండి. ఓరోమో అని ఆవిరి మీద ఉడికించే చుట్ట ఒకటుంది. పల్చటి పిండి రొట్టె మీద ఉల్లిపాయ, బంగాళాదుంప, గుమ్మడికాయ తురుము పరిచి చాపలా చుడతారు. మామూలుగా అందులో కొవ్వు వేస్తారు. మాకు లేకుండా చేసిచ్చారు.

నేను ఇడ్లీ కారప్పొడి ఒక చిన్న సీసా పట్టుకెళ్ళాను. ఓరోమో మీద కొంచెం చల్లి, వెన్న వేసుకుని తింటుంటే ఇంటావిడ చూసి చెయ్యి చాపింది. నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది, నీళ్ళు తిరిగాయి, టీ తాగింది, మళ్ళీ చెయ్యి చాపింది. ఆ సీసా అక్కడే వదిలేసి వచ్చాను.

మాంసం తినేవాళ్ళకు ఒక మాట: గుర్రపు మాంసం వాళ్ళకు పండగ భోజనం. వద్దనుకుంటే అదీ ముందే చెప్పండి. ముస్లిం ఇళ్ళు కాబట్టి పంది మాంసం మాత్రం ఉండదు.

కిమిజ్ అంటే ఏంటి? తాగి తీరాలా?

ఆడ గుర్రం పాలను పులియబెట్టి చేసే పానీయం. రష్యన్లు కుమిస్ అంటారు. పుల్లగా, కొంచెం పొగ వాసనతో, నాలుక మీద చురచురలాడుతుంది. పులుస్తుంది కాబట్టి అందులో కొద్దిగా ఆల్కహాల్ ఉంటుంది. మందు ముట్టనివాళ్ళు, పిల్లలు, గర్భిణులు మొహమాటపడక్కర్లేదు. గిన్నెను రెండు చేతులతో అందుకుని, పెదవులకు ఆనించి, గుండె మీద చెయ్యి పెట్టుకుని తిరిగి ఇచ్చేస్తే ఎవరూ తప్పు పట్టరు. మొదటిసారి తాగేవాళ్ళు రెండు గుక్కలతో ఆపండి. ఎక్కువైతే కడుపు ఊరుకోదు.

తోలు సంచిలో పోసిన ఆ పాలను పొడవాటి కర్రతో గంటల తరబడి చిలుకుతారు. ఆ కర్ర పేరు బిష్కెక్. రాజధానికి ఆ పేరు దాన్నుంచే వచ్చిందని చెప్పుకుంటారు. సోవియట్ రోజుల్లో ఆ ఊరి పేరు ఫ్రూన్జె, 1991లో బిష్కెక్ అయింది. "అంటే మా అమ్మాయి కవ్వం అనే ఊళ్ళో చదువుతోందన్నమాట" అన్నాను. అమ్మాయి అది వాళ్ళకు చెప్పి, మనమూ మజ్జిగ కవ్వంతోనే చిలుకుతామని చేతులతో చూపించింది. తాడు లేకుండా ఎలా చిలుకుతారో చూడు అని ఇంటాయన ఆ కర్ర నా చేతికిచ్చాడు. పది నిమిషాలకే భుజాలు లాగేశాయి.

టీ సగం కప్పే పోస్తున్నారు. పిసినారితనమా?

కానే కాదు, అదే గౌరవం. సగం పోస్తే వేడి తగ్గకుండా తాగుతారు, కప్పు మళ్ళీ వాళ్ళ చేతికి వస్తుంది, మళ్ళీ పోస్తారు. ఎన్నిసార్లు పోస్తే అంత ప్రేమ. నిండా పోశారంటే తాగి బయల్దేరమని అర్థం. చాలనుకుంటే కప్పు మీద అరచెయ్యి పెట్టండి.

టీ పోసేది సాధారణంగా ఆ ఇంటి కోడలు. కెలిన్ అంటారు. ఆ రోజంతా కాలు నిలవనిది ఆ పిల్లే. అందరూ అత్తగారికి ధన్యవాదాలు చెప్పి వచ్చేస్తారు. మీరు వంటింట్లోకి తొంగి చూసి ఆ అమ్మాయికి కూడా చెప్పండి.

రొట్టె విషయంలో చాలా పట్టింపు అంటారు, నిజమేనా?

నిజం. రొట్టెను బోర్లా పెట్టకూడదు. నేల మీద పెట్టకూడదు, పారేయకూడదు. కత్తితో కాకుండా చేత్తో తుంచి అందరి ముందూ వేస్తారు. ఎంత తొందరలో ఉన్నా గుమ్మం దాటే ముందు ఒక్క ముక్కైనా నోట్లో వేసుకోవాలి. మొదటిసారి ఆవిడ కవర్లో రొట్టెలు పెట్టి పరుగెత్తుకు రావడం అందుకేనని తర్వాత తెలిసింది. అన్నం మెతుకు కాలికి తగిలితే కళ్ళకద్దుకునే మనకు ఇది కొత్తగా నేర్పక్కర్లేదు.

ఎక్కడ కూర్చోవాలి, ఎలా కూర్చోవాలి?

చెప్పులు గుమ్మం దగ్గర విడవండి. గుమ్మానికి ఎదురుగా గోడవైపు ఉండే చోటును తోర్ అంటారు, అది పెద్దవాళ్ళకూ అతిథులకూ. మీరుగా వెళ్ళి కూర్చోకండి, వాళ్ళే తీసుకెళ్ళి కూర్చోబెడతారు. నేల మీద బొంతలు పరిచి ఉంటాయి. మోకాళ్ళ నొప్పులుంటే చెప్పండి, స్టూలు వేస్తారు. భోజనం పెట్టిన గుడ్డను దాటకూడదు, దానివైపు కాళ్ళు చాపకూడదు. ఆ గుడ్డను దస్తోర్కోన్ అంటారు. హైదరాబాద్‌లో దస్తర్‌ఖాన్ అనేది అదే మాట. నాన్ అంటే రొట్టె, అతిథి అంటే మెయ్‌మాన్. పాతబస్తీలో పెరిగిన మావారికి సగం మాటలు అర్థమవుతూనే ఉన్నాయి.

భోజనం అయ్యాక పెద్దవాళ్ళు రెండు అరచేతులూ తెరిచి నాలుగు మాటలు దీవించి, "ఓమిన్" అని ముఖం మీదుగా చేతులు దించుకుంటారు. అందరూ అలాగే చేస్తారు. మీరూ చేయండి. అయ్యాక ఇక ఏమీ తినకూడదు, లేవాలి. ఓమిన్ కాకముందు లేస్తే బాగుండదు.

భాష రాకపోతే రోజంతా ఏం మాట్లాడుకుంటాం?

ఊళ్ళల్లో ఇంగ్లీషు తక్కువ. పెద్దవాళ్ళకు కిర్గిజ్, రష్యన్ వస్తాయి. ఫోన్లో రష్యన్ అనువాదం ముందే డౌన్‌లోడ్ చేసుకుని వెళ్ళండి. ఈ నాలుగు మాటలు నోటికి వస్తే చాలు: సలామత్‌సిజ్‌బి అంటే నమస్కారం, రహమత్ అంటే ధన్యవాదాలు, దామ్‌దూ అంటే రుచిగా ఉంది. మనకన్నా పెద్ద ఆవిడను ఎజె అనాలి, అంటే అక్క. పెద్దాయనను బాయ్‌కె, అంటే అన్న. ముసలావిడ అపా. పేరు పెట్టి పిలవకుండా వరస పెట్టి పిలవడం వాళ్ళకూ మనకూ ఒకటే కాబట్టి, ఎజె అనగానే సగం దూరం తగ్గిపోతుంది.

మన దేశం పేరు చెప్పగానే పెద్దవాళ్ళు రాజ్ కపూర్ అంటారు, కొంచెం చిన్నవాళ్ళు మిథున్ చక్రవర్తి అంటారు. సోవియట్ రోజుల్లో హిందీ సినిమాలు అక్కడ హాళ్ళు నిండా ఆడాయి. పక్కింటి అపా ఒక పాట మొత్తం పాడింది, అర్థం తెలియకపోయినా ఒక్క మాట తప్పలేదు.

అసలైన కబుర్లు మాత్రం కుటుంబం గురించే. ఇంటాయన మావారిని అడిగాడు, మీ ఏడు తరాల తాతల పేర్లు చెప్పండి అని. కిర్గిజ్ వాళ్ళు దాన్ని జెతి అతా అంటారు. ఏడు తరాల పేర్లు తెలిసి ఉండటం మగపిల్లాడికి కనీస మర్యాద, ఆ ఏడు తరాల్లో కలిసేవాళ్ళు పెళ్ళి చేసుకోకూడదు. మావారు తండ్రి, తాత, ముత్తాత పేర్లు గబగబా చెప్పారు. తద్దినం పెట్టేటప్పుడు చెప్పేవి ఆ మూడే. నాలుగో పేరు రాలేదు. పదకొండేళ్ళ మనవడు లేచి నిలబడి ఏడు పేర్లూ పాఠంలా అప్పజెప్పాడు. గోత్రం గురించి చెప్తే చాలా సంతోషించారు. మేనరికం గురించి చెప్పేసరికి మాత్రం గదిలో అందరూ ఒక్కసారి ఆగిపోయారు. మేనమామ కొడుకును చేసుకోవచ్చని నేను చెప్తుంటే కోడలు టీ పోయడం మర్చిపోయింది. చాలాసేపు మాట్లాడుకున్నాం దాని గురించి. ఇంటికి వచ్చాక మావారు బాబాయిని అడిగి ఇంకో రెండు తరాల పేర్లు రాసిపెట్టుకున్నారు.

అక్కడ చూడ్డానికి, చేయడానికి ఏముంటుంది?

కోచ్కోర్ ఉన్ని తివాచీలకు పేరున్న ఊరు. మన గొంగడిలా వీటిని నేయరు, ఉన్నిని ఒత్తి చేస్తారు. ముందు ఉన్నిని సన్నటి కర్రలతో కొట్టి దూదేకినట్టు విడదీస్తారు. దాన్ని రెల్లు చాప మీద పరిచి, పైన రంగుల ఉన్నితో బొమ్మ వేసి, మరిగే నీళ్ళు చల్లి, చాపతో సహా చుట్టేసి తాడు కడతారు. ఇక ఇంటిల్లిపాదీ ఆ చుట్టను కాళ్ళతో తన్నుకుంటూ దొర్లించాలి. మేమూ తన్నాం. విప్పేసరికి విడివిడిగా ఉన్న ఉన్ని అంతా దట్టంగా ఒక్క గుడ్డయిపోయింది. అది అలాకియిజ్.

షిర్దక్ అనే ఇంకో రకం తివాచీ ఇంకా కష్టం. రెండు రంగుల ఉన్ని పలకలను ఒకదాని మీద ఒకటి పెట్టి, సుద్దతో పొట్టేలు కొమ్ముల ముగ్గు గీసి, రెండింటినీ కలిపి కోస్తారు. ఎర్రదాంట్లోంచి వచ్చిన కొమ్ము నల్లదాంట్లో, నల్లదాంట్లోది ఎర్రదాంట్లో సరిగ్గా కూర్చుంటుంది. ఒక్క ముక్క వృథా పోదు, ఒక కోతకు రెండు తివాచీలు వస్తాయి. తర్వాత అంగుళం అంగుళం కుట్టాలి. పెద్దదానికి నెలలు పడుతుంది. ఈ రెండు కళలనూ యునెస్కో 2012లో తక్షణం కాపాడుకోవాల్సిన వాటి జాబితాలో చేర్చింది. ఇంటావిడ వేళ్ళ చివర్లు సూది పోట్లతో గట్టిపడి ఉన్నాయి, పట్టుకుంటే బియ్యపు గింజల్లా తగిలాయి. కొనాలనుకుంటే అక్కడే, చేసినవాళ్ళ దగ్గరే కొనండి. బేరం ఆడకండి.

కొండ మీదికి కూడా వెళ్ళవచ్చా?

జూన్ నుంచి సెప్టెంబరు మొదటి వారాల దాకా వెళ్ళవచ్చు. వేసవిలో కాపరులు మందలతో జైలో అనే పచ్చిక మైదానాలకు తరలిపోతారు. కోచ్కోర్ వైపు నుంచి వెళ్ళేది సోంగ్‌కుల్ సరస్సుకి, 3,016 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ బోజుయ్ అనే ఉన్ని గుడారాల్లో ఉంటారు. గుడారం నడినెత్తిన గుండ్రటి చట్రం ఒకటుంటుంది, తుందుక్ అంటారు. వాళ్ళ జెండా మధ్యలో ఉన్నది అదే. పడుకుని చూస్తే ఆ చట్రంలోంచి నక్షత్రాలు కనిపిస్తాయి.

అంత ఎత్తులో కొందరికి తలనొప్పి, వికారం వస్తాయి. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బందులు ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా వెళ్ళకండి. జూలైలో కూడా రాత్రి చలికి పళ్ళు టకటకలాడతాయి. స్వెట్టర్, మంకీ క్యాప్, మందపాటి సాక్సులు తప్పనిసరి.

పెద్దవాళ్ళను తీసుకెళ్ళవచ్చా? బాత్రూం సంగతి?

కోచ్కోర్ వరకు హాయిగా తీసుకెళ్ళవచ్చు. చాలా ఇళ్ళల్లో మరుగుదొడ్డి పెరట్లో ఉంటుంది, కొన్నిట్లో ఇండియన్ పద్ధతే. వెస్ట్రన్ కావాలంటే బుక్ చేసేటప్పుడే అడగండి. టాయిలెట్ పేపర్, చిన్న మగ్గు మీతో ఉంచుకోండి.

ఏం పట్టుకెళ్ళాలి?

మన స్వీట్లు, జీడిపప్పు, మంచి టీ పొడి. పూతరేకులు వద్దు, ప్రయాణంలో పొడైపోతాయి. కాజాలు, సున్నుండలు బాగా నిలుస్తాయి. పిల్లలుంటే రంగు పెన్సిళ్ళు. పూలు ఇచ్చేట్టయితే బేసి సంఖ్యలో ఇవ్వండి, సరి సంఖ్య చావులకు. అన్నిటికన్నా వాళ్ళకు నచ్చింది మా ఇంటి ఫొటోల ఆల్బం. మా అమ్మమ్మ వాళ్ళ పెంకుటిల్లు, కోనసీమ కొబ్బరితోటలు, పెళ్ళి ఫొటోలు గంటసేపు చేతులు మారాయి. ఫోన్లో చూపించడం వేరు, అచ్చు ఫొటో చేతికివ్వడం వేరు.

డబ్బు ఎలా ఇవ్వాలి?

తలకి ఇంత అని ముందే చెప్తారు. అక్కడి డబ్బు సోములు, వాటినే నగదుగా తీసుకెళ్ళండి. ఊళ్ళో కార్డు పనిచేస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. ఆఫీసులో కట్టకపోతే, బయల్దేరే ముందు కవర్లో పెట్టి ఇంటావిడ చేతికివ్వండి.

ఫొటోలు?

అడిగి తీయండి. పిల్లల ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టకండి.

వీసా?

మన పాస్‌పోర్టుకు వీసా కావాలి. ఈ-వీసా ఉంది. ఆ దేశ ప్రభుత్వ అధికారిక సైట్‌లోనే అప్లై చేయండి, మధ్యవర్తుల సైట్లు అలాగే కనిపిస్తాయి, జాగ్రత్త.

భద్రత సంగతేంటి? 2024లో గొడవలు జరిగాయి కదా?

జరిగాయి, దాచను. 2024 మే 17 రాత్రి బిష్కెక్‌లో అల్లరిమూకలు విదేశీ విద్యార్థుల హాస్టళ్ళ మీద పడ్డాయి. పిల్లలు బయటికి రావద్దని మన రాయబార కార్యాలయం చెప్పింది. ఆ రెండు రోజులు మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. టెన్షన్‌తో నాకు బీపీ పెరిగింది.

రెండో రోజు పొద్దున అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది, కోచ్కోర్ ఎజె రాత్రి నుంచి నాలుగుసార్లు ఫోన్ చేసిందని. "కిజిమ్, తమాక్ ఇచ్తిన్‌బి?" అని అడిగిందట. కిజిమ్ అంటే మా అమ్మాయీ అని, తమాక్ ఇచ్తిన్‌బి అంటే అన్నం తిన్నావా అని. దారులు మామూలుగా ఉంటే మా ఆయన కారు వేసుకుని వచ్చి నిన్ను ఇక్కడికి తీసుకొస్తాడు అందట. అమ్మాయి వెళ్ళాల్సిన అవసరం రాలేదు. కానీ ఆ దేశంలో మా పిల్లకు ఒక ఇల్లుందన్న ధైర్యానికి ఆ పొద్దున నాకు ఏదీ సాటిరాలేదు.

జాగ్రత్తలు మామూలే. రాత్రిపూట ఒంటరిగా తిరగవద్దు, పాస్‌పోర్టు కాపీ దగ్గర ఉంచుకోండి, రాయబార కార్యాలయం నంబరు ఫోన్లో పెట్టుకోండి. ఎవరింటికి వెళ్తున్నారో హాస్టల్లో చెప్పి వెళ్ళండి.

వేరే దేశాల్లో ఇలాంటివి ఉన్నాయా?

ఉన్నాయి. 1949లో డెన్మార్క్‌లో మొదలైన సెర్వాస్‌లో సభ్యులు ప్రయాణికులను ఇంట్లో ఉచితంగా ఉంచుకుంటారు, లేదా ఒక పగలు వాళ్ళతో గడుపుతారు. 1992లో న్యూయార్క్‌లో ఊరివాళ్ళే కొత్తవాళ్ళకు తమ పేట తిప్పి చూపించే పద్ధతి మొదలై, తర్వాత చాలా నగరాలకు పాకింది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళకు ఇది బాగా పనికొస్తుంది.

తిరిగొచ్చాక కూడా మాటామంతీ ఉంటుందా?

అది మీ చేతుల్లో ఉంది. ఫొటోలు పంపుతామని చెప్పి పంపనివాళ్ళే ఎక్కువని ఎజె అంది. మేం రాగానే అచ్చు వేయించి అమ్మాయితో పంపాం. ట్రాక్టర్ పక్కన మావారూ ఇంటాయనా నూనె చేతులతో నిలబడ్డ ఫొటో వాళ్ళ గోడ మీద ఉందట. మొన్న సెలవులకు వచ్చినప్పుడు అమ్మాయి సూట్‌కేసులో ఒక కోరిందపండు జామ్ సీసా వచ్చింది. మూత కారకుండా గుడ్డ చుట్టి, పైన ఊలు దారంతో కట్టి ఉంది. ఆ సీసా కడిగి ఆరబెట్టాను. ఈసారి కారప్పొడి ఇంకొంచెం ఎక్కువ కావాలంది ఎజె. ఎండుమిర్చి తగ్గించి, నువ్వులు ఎక్కువ వేసి కొడుతున్నాను.